మా బావ కుడి భుజం

మా క్లినిక్‌లో భుజాలు చూసేది మా బావ. ఈ మాట చెప్పగానే జనం నావైపు అదోరకంగా చూస్తారు. అక్కమొగుడి పుణ్యమా అని ఈవిడకు రిసెప్షన్‌లో కుర్చీ దొరికిందనుకుంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. ముందు చేరింది నేను. అతను అప్పటికి నాకు బావ కాదు, రంగు మరకల చొక్కాతో, ఎడమ చెయ్యి మెడకు వేలాడేసుకుని వచ్చిన పేషెంటు.

ఇళ్ళకు రంగులేసే మనిషి. అందులోనూ పైకప్పులు వెయ్యడంలో దిట్ట. గోడలు ఎవరైనా వేస్తారు, తలెత్తి వెయ్యాలంటే దమ్ముండాలి అనేవాడు. ఆ తలెత్తిన ధ్యాసలోనే ఒకరోజు నిచ్చెన దిగుతూ, ఇంకో రెండు మెట్లున్నాయన్న సంగతి మరిచిపోయి గాలిలో అడుగేశాడు. అలా మా దగ్గరికి వచ్చిపడ్డాడు.

చెయ్యి బాగయ్యాక కూడా రావడం మానలేదు. కప్పీ తాడు పట్టుకుని చేతులెత్తే ముసలివాళ్ళ పక్కన చేరి, "అదుగో, నిన్నటికన్నా బెత్తెడు పైకి లేచింది, ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ వాళ్ళను హుషారు చేసేవాడు. క్లినిక్ నడిపే పెద్దమేడమ్ చూసి చూసి, "ఊరికే కూర్చునే బదులు వెళ్ళి చదువుకుని రావయ్యా" అన్నారు. ఆవిడ వెటకారానికి అన్నారు. ఈయన నిజంగానే వెళ్ళాడు. తనకన్నా బాగా చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని ఎముకల పేర్లు బట్టీపట్టాడు. సెలవుల్లో పైకప్పులకు రంగులేసుకుంటూ చదువు పూర్తిచేసి, ఫిజియోథెరపిస్టయి తిరిగొచ్చాడు.

ఈలోగా మా అక్క సంగతి. అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. రోజూ సాయంత్రం ఆ స్కూలు కారులోనే నన్ను తీసుకెళ్ళడానికి వచ్చేది. ఈయన చూశాడు, వెంటనే కారు నేర్చుకోవాలనిపించింది. స్టీరింగు చక్రం కన్నా పక్కసీటువైపే ఎక్కువ చూస్తున్నాడని అక్క రోజూ తిట్టిపోసేది. తిట్లు ముదిరి పెళ్ళి దాకా వచ్చాయి. ఈయనకు ఇప్పటికీ కారు రాదు. ఇంత మంచి మనిషిని వెతికి తెచ్చి దాని చేతిలో పెట్టింది నేనని అక్క ఏనాడూ ఒప్పుకోదు, అది వేరే విషయం.

మిగతావాళ్ళ గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ నడవదు. పెద్దమేడమ్ వెన్నెముకలు చూస్తారు. వయసులో ఉండగా టైపిస్టుగా చేసి నడుం పాడుచేసుకుని, ఆ కసితో ఈ చదువు చదివారు. ఆవిడ నడవాలోకి వస్తే చాలు, కూలబడి కూర్చున్న పేషెంట్లందరూ నిటారుగా లేస్తారు. పార్సిల్ ఇచ్చిపోయే మనిషి కూడా గుమ్మం దగ్గరే నడుం సర్దుకుని వస్తాడు.

మోకాళ్ళాయన ఒకప్పుడు ఫుట్‌బాల్ గోల్‌కీపరు. మనిషి రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఎవరినీ మొహం చూసి గుర్తుపట్టడు, మోకాలు చూడాలి. చలికాలం అందరూ పొడుగు కోట్లు వేసుకొస్తే పాపం ఎవరు ఎవరో తెలియక తికమకపడతాడు. ఇక తిరుగుడు మేడమ్. ఇంతకుముందు ఓడలో భోజనాలు వడ్డించేది. సముద్రం పొంగితే ఓడంతా తల పట్టుకుని మూలిగినా, ఈవిడ మాత్రం పళ్ళేలు తొణక్కుండా నడిచేదట. ఇప్పుడు తల తిరిగేవాళ్ళకు వైద్యం చేస్తుంది. తల తిరుగుతోంది మొర్రో అని వెళితే, ఒక పక్కకు తలవాల్చి, ఇంకో పక్కకు పడేసి, ముందు ఇంకాస్త తిప్పి, ఆ తర్వాత బాగుచేసి పంపిస్తుంది.

బావకు ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు గుప్పెడు ఉండేదని పిచ్చుక అని పిలిచాడు, అదే నిలిచిపోయింది. దాని గది పైకప్పుకు నల్లగా నిగనిగలాడే నీలం రంగు వేశాడు. ప్రతి పుట్టినరోజుకూ అందులో ఒక నక్షత్రం. దానికో పద్ధతి ఉంది. ముందు పిచ్చుకను రెండు చేతులతో పైకప్పు దాకా ఎత్తాలి. అది వేలు పెట్టి చోటు చూపించాలి. అప్పుడు బావ నిచ్చెనెక్కి సరిగ్గా ఆ చోట నక్షత్రం వేస్తాడు. అది అయ్యాకే కేకు.

పోయిన పుట్టినరోజుకు ఏడో నక్షత్రం. బావ పిచ్చుకను దించుతూ, రొప్పుతూ, "ఇదే ఆఖరు తల్లీ. వచ్చేసారి నీకు ఎనిమిది, అంటే పెద్దదానివి. ఇక నిన్ను ఎత్తడం నావల్ల కాదు, నిచ్చెన నువ్వే ఎక్కాలి" అన్నాడు నవ్వుతూ. అందరం నవ్వాం. పిచ్చుక మాత్రం కేకు వైపు చూస్తోంది.

ఆ తర్వాత కొన్ని నెలలకు గుండీల మామ్మగారు నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆవిడకు గుండీల కొట్టుంది. ఎడమ భుజం బిగుసుకుపోయి, పై అరలో గుండీల డబ్బాలు అందక బావ దగ్గరికి వస్తున్నారు.

"ఏమ్మా, మీ బావ మంచోడే. కాకపోతే నాకొక అనుమానం" అన్నారు.

"ఏంటి మామ్మగారూ?"

"నా మంచి చెయ్యి నొప్పెడుతోంది."

"ఏ చెయ్యి?"

"మంచి చెయ్యి. కుడిది. పాడైంది అలాగే ఉంది, మంచిది మాత్రం బ్రహ్మాండంగా లేస్తోంది. ఇదుగో." ఆవిడ కుడి చెయ్యి గడియారం దాకా లేపి చూపించారు.

నాకు బుర్ర తిరిగింది. ఆవిడ తర్వాత ఇంకొకాయన, ఆయన తర్వాత బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ, ఇద్దరిదీ అదే గోల. ముగ్గురికీ జబ్బు ఎడమ భుజానికే. కుడి భుజం జబ్బువాళ్ళు మాత్రం లక్షణంగా బాగవుతున్నారు.

సంగతేంటో చూద్దామని బావ గది తలుపు అద్దంలోంచి తొంగిచూశాను. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, పేషెంటు ఎదురుగా కూర్చుని థెరపిస్టు తానూ చేసి చూపించాలి. అద్దంలో బొమ్మలాగన్నమాట. పేషెంటు ఎడమ చెయ్యి లేవాలంటే ఎదురుగా ఉన్నవాడు కుడి చెయ్యి ఎత్తాలి. బావ ఏం చేస్తున్నాడంటే, ఎవరొచ్చినా ఎడమ చెయ్యే ఎత్తుతున్నాడు. పాపం ఎదుటివాళ్ళు ఆయన్ను చూస్తూ కుడి చెయ్యి ఎత్తుతున్నారు. ఎడమ భుజం జబ్బువాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్న చేతికి కసరత్తు చేసుకుని, థాంక్స్ చెప్పి ఇంటికెళ్తున్నారు. నాకు నవ్వు ఆగలేదు. కాసేపు గోడకానుకుని నవ్వి, ఆ తర్వాత లోపలికి వెళ్ళాను.

"బావా, ఆ గోడ గడియారం ఆగిపోయింది, కాస్త తీసివ్వు."

ఎడమ చేత్తో తీశాడు.

"ఇప్పుడు కుడిచేత్తో పెట్టు."

"ఎందుకే?"

"సరదా."

"నీ సరదాలకు నాకు టైము లేదు మరదలా, పేషెంటు వచ్చే వేళైంది" అంటూ అటు తిరిగాడు. నేను ఊరుకుంటానా? కుడి మోచెయ్యి పట్టుకుని పైకి లేపబోయాను. బావ "అమ్మా" అని కుర్చీలో కూలబడ్డాడు. మొహం పాలిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"చాన్నాళ్ళయింది. ముందు చొక్కా తొడుక్కోడం కష్టమైంది. ఇప్పుడు దువ్వెన తలదాకా పోవట్లేదు." కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "భుజాలు చూసేవాడి భుజమే పనిచెయ్యదని తెలిస్తే ఎవరొస్తారే? అదీ పోనీ. పుట్టినరోజుకి పిచ్చుక నక్షత్రం వెయ్యలేనేమోనని నా భయం. ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మీ అక్కకు."

మా బావ తెలివైనవాడే కానీ, నా నోట్లో నువ్వుగింజ నానదన్న సంగతి ఆ కంగారులో మరిచిపోయాడు. నేను నిజంగానే చెప్పకూడదనుకున్నాను. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పేటప్పటికి తిరుగుడు మేడమ్, "ఏంటలా ఉన్నావు?" అంది. అంతే.

సాయంత్రానికి బావ గది కిటకిటలాడింది. తిరుగుడు మేడమ్ తలగడతో సహా వచ్చి, భుజం సంగతి తర్వాత, ముందు మెడ చూడాలంది. మోకాళ్ళాయన బావ మోకాళ్ళు రెండూ నొక్కి చూసి, "ఇవి బాగున్నాయి" అని గొప్ప రహస్యం చెప్పాడు. ఆ రోజుకు ఆయన వాటా మాటలు అయిపోయాయి. ఫోనులో విన్న అక్క కారేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చొక్కా గుండీలు నాచేత పెట్టించుకుంటుంటే ముద్దు ముదిరిందనుకున్నానండీ. ఇదా సంగతి?" అంది. తిట్టబోయింది కానీ, కళ్ళనీళ్ళు తిరిగాయి.

అప్పుడు పెద్దమేడమ్ వచ్చారు. అందరం నడుములు సర్దుకున్నాం. ఆవిడ బావ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ మెల్లగా తిప్పి చూశారు.

"పేషెంట్లకు ఏం చెప్తావు నువ్వు?"

"దాచుకోకుండా తొందరగా రమ్మని."

"ఇంకా?"

"ఇది బాగయ్యేదే కానీ నెలలు పడుతుంది, ఓపిక పట్టమని."

"నీకూ అదే చెప్తున్నా. రేపటి నుంచి నా గదికి రా. ఆ ముగ్గురికీ మళ్ళీ మొదటి నుంచి చెయ్యి, ఈసారి సరైన చేతికి. నీ తప్పని వాళ్ళకు నువ్వే చెప్పు."

బావ ముగ్గురికీ చెప్పాడు. లెక్కల టీచరమ్మ పడీ పడీ నవ్వింది. ఇంకొకాయన, పోనీలెండి, రెండో చేతికి కూడా ముందే వైద్యం అయిపోయిందన్నాడు. మామ్మగారు మాత్రం నవ్వలేదు. "నాకు పాడైంది ఎడమది, నీకు కుడిది. ఎదురెదురుగా కూర్చుంటే సరిపోతుందిగా నాయనా" అన్నారు.

అలా మొదలైంది. పెద్దమేడమ్ వైద్యం పొద్దున, మామ్మగారి జతలో కసరత్తు సాయంత్రం. నేను చెప్తున్నాను, మా క్లినిక్ పుట్టాక బావంత చెడ్డ పేషెంటు ఇంకొకడు రాలేదు. పేషెంట్లు ఆడే అబద్ధాలన్నీ ఆడాడు. ఇంట్లో చేశావా అంటే చేశానన్నాడు. గోడమీద వేళ్ళతో పాకించావా అంటే పాకించానన్నాడు. అక్క పక్కనుంచి "ఏ గోడ? మన ఇంట్లో గోడేనా?" అనేది. మామ్మగారి దగ్గర మాత్రం ఆటలు సాగలేదు. ఆవిడ ఎడమ చెయ్యి లేపి, "నేను ఇక్కడిదాకా వచ్చాను. నువ్వెక్కడున్నావు?" అనేవారు. బావ పళ్ళు బిగించి లేపేవాడు. చేతులు వణుకుతుంటే ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వేవాళ్ళు, ఆ నవ్వుకు చేతులు మళ్ళీ కిందకు జారేవి.

అయినా పుట్టినరోజు నాటికి చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది. ఆ సాయంత్రం బావ పిచ్చుకను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నాన్న చెయ్యి ఇంకా లేవట్లేదమ్మా. ఈసారి నక్షత్రం అమ్మ వేస్తుంది, సరేనా?" అన్నాడు.

"వద్దు."

"పోనీ మోకాళ్ళ అంకుల్ వేస్తారు."

"వద్దు. నువ్వే."

"నా చెయ్యి లేచేసరికి చాలా ఆలస్యమవుతుందే."

"అయితే అప్పటిదాకా నాకు ఎనిమిది రాదు" అంది పిచ్చుక. మాకు అర్థం కాలేదు. కేకు దగ్గరికి వెళ్ళి, ఏడు కొవ్వొత్తులు ఊదేసి, ఎనిమిదోదాన్ని అలాగే వదిలేసింది. అది మైనం కారి కేకు మీద పడేదాకా చూసి, అక్కే ఆర్పింది.

ఆ తర్వాత మొదలైంది తంటా. బడిలో వయసు అడిగితే ఏడంటుంది. ఎనిమిది అంకె వేసిన బెలూనును మేకుతో గుచ్చింది. చెప్పుల కొట్లో కొట్టువాడు "ఎనిమిదేళ్ళ పాపకు ఈ సైజు సరిపోతుంది" అంటే, చెప్పులు విప్పి అతని చేతికిచ్చి, ఏడేళ్ళ పాపకు పట్టేవి చూపించమంది. అవి పట్టలేదు. పట్టాయని వాదించి, వేళ్ళు ముడుచుకుని ఇంటిదాకా నడిచింది. "దీని మొండితనం ఎక్కడిది?" అని అక్క నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

మేమందరం నక్షత్రం కోసమే ఈ పంతమనుకున్నాం. బావ మాత్రం నవ్వేవాడు కాదు. రాత్రుళ్ళు చెప్పకుండా గోడ దగ్గర నిలబడి నిజంగానే వేళ్ళు పాకించడం మొదలుపెట్టాడని అక్క చెప్పింది. గోడమీద వేళ్ళ మరకలు కూడా రోజురోజుకూ పైకి పోతున్నాయట.

ఒకరోజు మామ్మగారి వైద్యం ముగిసింది. పై అరలో డబ్బా ఆవిడే దించుకున్నారట. అందరికీ తలా ఒక మంచి గుండీ ఇచ్చారు. మోకాళ్ళాయనకు రెండిచ్చారు, మోకాలికొకటి లెక్కన. ఆ సంబరంలో అందరం నవ్వుతూ గుమ్మం దాకా వచ్చాం. ఆవిడ రోడ్డు దాటి, అవతల గట్టున నిలబడి, మావైపు తిరిగి ఎడమ చెయ్యి నిండుగా పైకెత్తి ఊపారు.

బావ కూడా చెయ్యి ఎత్తి ఊపాడు.

అంతా అయిపోయిందని నేను లోపలికి తిరగబోతుంటే తిరుగుడు మేడమ్ నా జబ్బ పట్టుకుంది. జన్మలో తల తిరగని మనిషి, గుమ్మం పట్టుకుని నిలబడింది. అప్పుడు చూశాను. ఊగుతున్నది కుడి చెయ్యి. చెవి పక్కనుంచి నిటారుగా, గుమ్మం పైపట్టీ తాకుతూ ఊగుతోంది. ఎదురుగా మామ్మగారిది లేస్తే ఈయనది లేవడం అలవాటైపోయింది కదా, బావకే తెలియలేదు.

"చెయ్యి" అన్నాడు మోకాళ్ళాయన.

బావ తలెత్తి తన చేతిని తానే చూసుకున్నాడు. దించడానికి భయపడ్డాడు. దించితే మళ్ళీ లేవదేమోనని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను ఎగిరి గంతేశాను. లోపల కప్పీ తాళ్ళు పట్టుకున్న పేషెంట్లు తాళ్ళు వదిలేసి చప్పట్లు కొట్టారు. మామ్మగారు బండ్లు ఆపించి మళ్ళీ రోడ్డు దాటి వచ్చారు.

"బరువులెత్తడం మాత్రం మొదలుపెట్టకు. ఫోను నేను చూసుకుంటాను, పిచ్చుక దగ్గరికి వెళ్ళండి" అన్నారు పెద్దమేడమ్, నా కుర్చీలో నిటారుగా కూర్చుంటూ. మొహం గంభీరంగానే ఉంది కానీ, ఫోను తలకిందులుగా పట్టుకున్నారు.

నన్ను తీసుకెళ్ళడానికి అప్పుడే వచ్చిన అక్క కారులో ఇరుక్కున్నాం. డ్రైవింగ్ స్కూలు కారు కదా, పక్కసీటు ముందు కూడా బ్రేకుంటుంది. అక్కడ మోకాళ్ళాయన కూర్చున్నాడు. గోలు ముందు నిలబడి బంతికి ఎదురెళ్ళిన మనిషి, మా అక్క తోలుతుంటే భయపడి మలుపు మలుపుకూ బ్రేకు తొక్కాడు. కారు ఆగినప్పుడల్లా వెనక నలుగురం ఒకరి ఒళ్ళో ఒకరం పడ్డాం. బావ చెయ్యి మాత్రం కిటికీలోంచి పైకే ఉంది. దారినపోయేవాళ్ళు ఎవరో తెలిసినవాళ్ళనుకుని తిరిగి చేతులూపారు.

మేం ఇల్లు చేరేసరికి పిచ్చుక అప్పుడే బడినుంచి వచ్చింది. బావ ఏమీ చెప్పకుండా చెయ్యి ఎత్తి చూపించాడు. అది నోరు తెరిచి చూసింది. వెంటనే గదిలో నిచ్చెన వెలిసింది, రంగు డబ్బా మూత తెరుచుకుంది. బావ బ్రష్షు ముంచి మొదటి మెట్టెక్కాడు.

"దిగు నాన్నా" అంది పిచ్చుక.

"ఏమ్మా?"

"ముందు ఎత్తాలిగా. చోటు నేనే చూపించాలి."

"ఎనిమిదేళ్ళవాళ్ళు నిచ్చెన ఎక్కి చూపించాలని నాన్న పోయినసారే చెప్పారుగా" అంది అక్క.

"నాకింకా ఏడే" అంది పిచ్చుక. అని, రెండు చేతులూ పైకి చాచి నిలబడింది.

ఇన్నాళ్ళూ అది పట్టుకు కూర్చున్నది నక్షత్రం కోసం కాదని నాకప్పుడు తెలిసింది. ఏడేళ్ళ పాపనైతే నాన్న ఎత్తుతాడు, అంతే దాని లెక్క. బావ బ్రష్షు పక్కన పెట్టేశాడు. పెద్దమేడమ్ మాట మాకందరికీ గుర్తుంది. ఎవరూ గుర్తుచెయ్యలేదు. మోకాళ్ళాయన వచ్చి పక్కనే మోకాళ్ళు వంచి, గోలు ముందు నిలబడ్డట్టు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

బావ దాన్ని ఎత్తాడు. బరువంతా ఎడమ చేతి మీద వేసుకుని, కుడి చెయ్యి ఆసరా ఇచ్చి, మెల్లగా, పైకప్పు దాకా. పిచ్చుక వేలు పెట్టింది. తీసింది. ఇంకో చోట పెట్టింది. ఇటు కాదు అటంది, అటు కాదు ఇటంది. అంత పెద్ద పైకప్పులో దానికి చోటే నచ్చలేదు. బావ చేతులు వణకడం మొదలైంది.

"నాన్నా, నొప్పా?" అంది పైనుంచి.

"లేదమ్మా" అన్నాడు బావ. పేషెంట్లు ఎలా అబద్ధమాడతారో మాకు తెలుసు.

"అయితే ఇంకొంచెంసేపు ఉంచు. దించావంటే నాకు ఎనిమిది వచ్చేస్తుంది."

బావ దించలేదు. ఎదురుగా మామ్మగారు, తనకు తెలియకుండానే, ఎడమ చెయ్యి పైకెత్తి పట్టుకుని నిలబడే ఉన్నారు.